ఆగిన ప్రతిచోటా ఒక గీత

జూలై 4

మావయ్యకి,

మీరు ఫోన్ పెట్టుకోరు కాబట్టి పదేళ్ల తరవాత మళ్లీ చేత్తో ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఆ పాపం మీదే.

రెండు నెలల కిందట ఉద్యోగం మారాను. సంగీత కాలేజీల్లో చదివే పిల్లలకి గ్రాంటు ఇచ్చే ట్రస్టు ఇది. ఫీజు, హాస్టలు వీళ్లే చూసుకుంటారు. ఇచ్చిన గ్రాంటు ఫలించిందా లేదా అని కొలవడం మా విభాగం పని. విభాగం అంటే నేనూ, ఒక ప్రింటరూ.

పోయినేడాది పిల్లలకే ప్రశ్నల కాగితం పంపారట. గ్రాంటు వల్ల మీ సంగీతం ఎంత బాగుపడిందో ఒకటి నుంచి ఐదులోపు అంకె వెయ్యమంటే మూడొందల మందీ ఐదు వేశారు. ఒకడు ఆరు వేశాడు. "పిల్లల మాట కాదు, చెవి ఉన్నవాళ్ల అంకె కావాలి" అంటున్నారు మా డైరెక్టర్ మేడం. మీరు ముప్పై ఏళ్లు వయొలిన్ చెప్పిన కాలేజీలో మా గ్రాంటు మీద చదివేవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. మీ ఇంటికి నాలుగు వీధులే కదా. ఒక్కొక్కరినీ విని ఒక్కో అంకె పంపగలరా? ఎలా కొలుస్తారో మీ ఇష్టం. మాకు అంకె వస్తే చాలు.

ఒక సంగతి ముందే చెప్తున్నాను, కోప్పడకండి. అనుమతిచ్చింది మీ ప్రిన్సిపాల్‌గారే.

మీ మేనకోడలు


జూలై 11

అమ్మడూ,

అక్షరాలు వంకరగానే ఉన్నాయి. అది మీ నాన్న పోలిక. ఆయనకి చెవి కూడా లేదు. ఒకసారి నా కచేరీకి వచ్చి, నేను తీగలు సరిచేసుకుంటుంటేనే చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోయాడు. బాగుందని నలుగురికీ చెప్పాడు కూడా.

మీ ప్రిన్సిపాల్‌గారంటావేమిటే, అతను కుర్చీ! మేమిద్దరం ఒకే గురువుగారి దగ్గర నేర్చుకున్నాం. నేను వయొలిన్ నేర్చుకున్నాను. ఎవరి పక్కన కూర్చోవాలో అతను నేర్చుకున్నాడు. కుర్చీ అని పేరు పెట్టింది నేనే. నలభై ఏళ్లలో నేను కట్టిన పాటల్లో, మాటల్లో జనం నోటికెక్కింది ఆ ఒక్క మాటే.

పదకొండేళ్ల తరవాత ఆ గేటు దాటాను. సాధన గదుల వరండా అలాగే ఉంది. చప్పుడు బయటికి రాకుండా తలుపులకి లోపల కొట్టిన దుప్పట్లు చిరిగి వేలాడుతున్నాయి. చివరనున్న కుళాయి నేను ఉద్యోగంలో చేరిన రోజున ఎలా కారుతోందో ఇప్పుడూ అలాగే కారుతోంది. ఆ కాలేజీలో లయ తప్పనిది అదొక్కటే.

మా గురువుగారి పద్ధతిలోనే కొలిచాను. గది బయట బెంచీ మీద కూర్చుంటాను. తలుపు మూసి ఉంటుంది. లోపల ఎవరో, ఎవరి పిల్లలో నాకు కనపడదు. అరగంట వింటాను, కాగితం మీద పెన్సిలుతో గీతలు పెడతాను. అంతే. ముఖస్తుతికి అందులో చోటు లేదు. అందుకే కుర్చీ వచ్చాక ఆ పద్ధతి ఎత్తేశాడు.

ఇవిగో నీ అంకెలు. వయొలిన్ నలుగురు: పదకొండు, తొమ్మిది, పద్నాలుగు, పదహారు. గాత్రం ముగ్గురు: ఆరు, పన్నెండు, ఎనిమిది. క్లారినెట్ ఒకడు: నలభై మూడు. వాడు కుర్చీ తోడల్లుడి కొడుకని తరవాత తెలిసింది. వాడి అరగంటలో నేను పెన్సిలు రెండుసార్లు చెక్కాల్సొచ్చింది.

ఫ్లూట్ అమ్మాయి: సున్నా. దాని గురించి నేనేమీ రాయను. నా సర్వీసులో సున్నా రావడం ఇది మూడోసారి.

మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? నడవమని చెప్పు. నా మాట వినదు, అయినా చెప్పు.

మావయ్య


జూలై 19

మావయ్యకి,

మీరు గొప్పవారు! మూడొందల మంది ఐదులు చూసి విసిగిపోయిన మా మేడం మీ కాగితం చూసి మురిసిపోయారు. "ఇదీ కొలవడమంటే" అన్నారు. క్లారినెట్ అబ్బాయి నలభై మూడు చదవగానే ఆఫీసంతా లేచి నిలబడింది. మీ సంగతి నాకు తెలుసు కాబట్టి నేనూ ఆశ్చర్యపోయాను. మీ చేతి నుంచి నలభై మూడా!

ఫ్లూట్ అమ్మాయి సున్నా చూసి మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

వాళ్లిద్దరి గురించీ ఇంకేమైనా చెప్పగలరా? ఈ నెలాఖరున ట్రస్టీల మీటింగు. అమ్మ నడవట్లేదు. మీ మాట చెప్పాను, "వాడు నడుస్తున్నాడా?" అంది.

మీ మేనకోడలు


జూలై 27

అమ్మడూ,

ఆఫీసంతా లేచి నిలబడిందా! నీకు వెటకారం బాగానే అబ్బింది, అది మా వైపు నుంచి వచ్చింది. నిలబడక ఏం చేస్తారు? నలభై మూడంటే మాటలా?

మీ మేడం మాత్రం మనిషి. సున్నా అంటే ఏమిటో తెలిసినవాళ్లు అలాగే కిటికీలోంచి చూస్తారు. నేనూ ఆ రోజు బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాను. ఆ పిల్లే తలుపు తీసి బయటికొచ్చింది. "ఎన్ని సార్?" అంది. "లేవు" అన్నాను. కాగితం లాక్కుని రెండువైపులా చూసింది. "మధ్యలో కునుకు పట్టిందా సార్?" అంది. నిద్రపోయేవాణ్ణి లేపేలా వాయించి ఈ ప్రశ్న వేసింది చూడు! వాళ్లమ్మ లాండ్రీ నడుపుతుందట. అక్కడ వాషింగ్ మెషీన్లు తిరుగుతుంటే వాటి పక్కన నిలబడి సాధన చేసేదట. "అవి ఆగవు సార్, కాబట్టి నేనూ ఆగేదాన్ని కాదు" అంది. గురువుగారు పదేళ్లు తంటాలు పడి నాకు చెప్పిన పాఠం ఒక మెషీను ఆ పిల్లకి చెప్పింది.

ఇక క్లారినెట్ వాడు. వాడికి ఏదైనా చెయ్యండమ్మా. అలాంటివాణ్ణి చూసీచూడనట్టు వదిలెయ్యడం పాపం. వాడికి పాఠం చెప్పినవాణ్ణి కూడా వదలకండి. పదిమందిలో నిలబెట్టండి. వాడి పేరు ట్రస్టీలందరికీ తెలియాలి.

మావయ్య


ఆగస్టు 16

మావయ్యకి,

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాం!

క్లారినెట్ అబ్బాయికి ఈ ఏటి ఉత్తమ ఫలితం బహుమతి వచ్చింది. వాళ్ల మాస్టారికి సన్మానం, కాలేజీకి ఇత్తడి పలక. అది అందుకుంటూ ప్రిన్సిపాల్‌గారు అరగంట మాట్లాడారు. మీ గురువుగారి పద్ధతిని తనే ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చానన్నారు. ఇప్పుడు ఆ పద్ధతి మా గ్రాంటున్న ఇరవై రెండు కాలేజీల్లోనూ పెడుతున్నాం. వచ్చే ఏటికల్లా ప్రతి విద్యార్థీ నలభై మూడు చేరాలన్నది లక్ష్యం. పన్నెండులూ పదహార్లూ వచ్చినవాళ్లకి ఇంకా కృషి చెయ్యాలని ఉత్తరాలు వెళ్లాయి.

ఒక్క విషయమే మనసుకి కష్టంగా ఉంది. ఫ్లూట్ అమ్మాయి గ్రాంటు అక్టోబరు నుంచి ఆపేస్తున్నారు. మీరు ఆమె గురించి అంత జాలిగా రాశారు. లాండ్రీ సంగతి మేడంకి చదివి వినిపించాను. "ఆ చప్పుడులో సాధన చేస్తే సున్నా రాక ఏమొస్తుంది పాపం" అన్నారు. కానీ సున్నా సున్నాయే కదా.

మీ మేనకోడలు


ఆగస్టు 20

ఓసి దరిద్రపుదానా,

అవి తప్పులే! గీత అంటే తప్పు! వాయిస్తూ వాయిస్తూ తడబడి ఆగిపోతే ఒక గీత. మళ్లీ ఆగితే ఇంకో గీత. సున్నా అంటే ఆ పిల్ల అరగంటలో ఒక్కసారి కూడా ఆగలేదని! నలభై మూడంటే వాడు నలభై మూడుసార్లు ఆగాడని!

ఇది కూడా చెప్పాలా? ఆ వరండాలో అడుగుపెట్టిన ప్రతివాడికీ తెలుసు. ఊడ్చే మనిషికీ తెలుసు. ఓడిపోయిన యుద్ధాలకి విజయస్తంభాలు నిలబెట్టిన రాజుల గురించి చదివినప్పుడు, ఆస్థానంలో చదువుకున్నవాడు ఒక్కడూ లేడా అనుకునేవాణ్ణి. ఉండే ఉంటాడు. వాడికి నీలాంటి మేనకోడలు ఉండి ఉంటుంది.

వెంటనే సరిదిద్దు. ఆ పిల్ల చదువు ఆగిపోతే నేను నీ మొహం చూడను.

మావయ్య


ఆగస్టు 27

మావయ్యకి,

మీ ఉత్తరం ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని చదివాను. రెండుసార్లు ఏడ్చాను. మూడోసారి కోపమొచ్చింది. గీతలు పెడతానన్నారు. గీత అంటే ఏమిటో ఒక్క ముక్క రాశారా? మా స్కూల్లో టీచరు మంచి పని చేస్తేనే గీత పెట్టేది. పది గీతలకి ఒక పెన్ను ఇచ్చేది.

మేడంకి చెప్పాను. ఆవిడ నీళ్లు తాగి, తలుపు మూసి, "రిపోర్టు అచ్చయిపోయింది" అన్నారు. "కానీ అది తప్పు కదా మేడం" అన్నాను. "తప్పని ఎవరన్నారు? ఆ కాలేజీ ప్రిన్సిపాలే పలక తీసుకున్నాడు కదా. ఆయనకి తెలియదా?" అన్నారు. ఇరవై రెండు కాలేజీలకి ఫారాలు వెళ్లిపోయాయి. నిర్వచనం మార్చాలంటే ట్రస్టీల మీటింగు జరగాలి. అది మళ్లీ జూలైలోనే.

ఒక్క దారి ఉంది. గ్రాంటు ఆపినవాళ్లకి మళ్లీ ఒకసారి కొలవమని అడిగే హక్కుంది. సెప్టెంబరు నెలాఖరులోగా, అదే గదిలో, అదే పద్ధతిలో కొలవాలి. మీరు కొలవవచ్చు, ప్రిన్సిపాల్ అయినా కొలవవచ్చు. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆమెకి ఇరవై ఐదు దాటితే గ్రాంటు కోర్సు అయ్యేదాకా కొనసాగుతుంది.

ఇరవై ఆరు గీతలు, మావయ్యా. మీ చేతిలో పెన్సిలుంది. పెట్టెయ్యండి.

మీ మేనకోడలు


సెప్టెంబరు 4

అమ్మడూ,

లేని గీత పెట్టను. ఈ మాట మీద పోట్లాడే నేను ఆ కాలేజీ వదిలి వచ్చాను. ఇప్పుడు మంచి పనికోసమే కదా అని నువ్వంటావు. లేని గీతలన్నీ ఎవరో ఒకరి మంచి కోసమే పెడతారు.

ముందు కుర్చీ గదికి వెళ్లాను. ఇత్తడి పలక తలుపుకి ఎదురుగానే కొట్టించాడు.

"నీకు తెలుసు కదా?" అన్నాను.

"ఏం తెలుసు?"

"గీత అంటే ఏమిటో."

"రోజులు మారాయోయ్. పాత అర్థాలు పట్టుకుని వేలాడితే ఎలా?" అని నాకు టీ తెప్పించాడు. సిగ్గు లేకుండా తాగాను, తలనొప్పిగా ఉండి.

బయటికొస్తే వరండా అంతా ఏదో భూకంపం వచ్చినట్టుంది. ఒక్క పాటా పది అడుగులు నడవడం లేదు. కుర్చీ ప్రతి మంగళవారం ఒక క్లాసు పెట్టించాడట. దాన్ని పిల్లలు ఆగుడు క్లాసు అంటున్నారు. క్లారినెట్ వాడు అందులో పాఠం చెప్తున్నాడు. వాడు పాపం చెడ్డవాడు కాదు. నన్ను చూసి లేచి, "సార్, నాకు ఏదీ అర్థం కావట్లేదు. ఈ మధ్య కష్టపడి నేర్చుకుని ముప్పైకి తగ్గాను. ప్రిన్సిపాల్‌గారు తిట్టారు" అన్నాడు. నా జన్మలో కుర్చీ చుట్టాన్ని చూసి జాలిపడతానని అనుకోలేదు.

తరవాత ఫ్లూట్ అమ్మాయికి విషయం చెప్పాను. అరగంటలో ఇరవై ఆరుసార్లు ఆగు, చాలు అన్నాను.

"ఎక్కడ ఆగమంటారు సార్?"

"ఎక్కడైనా ఆగు."

"ఊరికే ఎక్కడైనా ఎలా ఆగుతాం సార్? ఆగడానికి ఒక చోటుండాలి కదా."

మూడు రోజులు నేర్పాను. ఆ పిల్ల ఆగుతుంది, కానీ సరిగ్గా ఎక్కడ ఆగితే వినేవాడి ఊపిరి ఆగుతుందో అక్కడే ఆగుతుంది. మళ్లీ అందుకుంటే ఆ నిశ్శబ్దం కూడా పాటలోదే అనిపిస్తుంది. నేను బెంచీ మీద పెన్సిలు ఎత్తుతాను, గీత పెట్టలేను. కావాలని ఆగినది ఆగడం కాదు. నాలుగో రోజు ఆ పిల్ల ఫ్లూట్ పెట్టెలో పెట్టేసి, "పోనీలెండి సార్. అమ్మకి ఇస్త్రీ దగ్గర మనిషి కావాలి ఎలాగూ" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలిగ్గా ఉండేది.

ఒక్క సంగతి చెప్పు. కొలిచేటప్పుడు గదిలో పక్కవాద్యం ఉండొచ్చా? మీ ఫారం ఏమంటుంది?

మావయ్య


సెప్టెంబరు 9

మావయ్యకి,

ఫారం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివాను. "విద్యార్థి సాధన సమయంలో గదిలోంచి వినబడిన గీతల సంఖ్య" అని మాత్రమే ఉంది. లోపల ఎంతమంది ఉండాలో లేదు. అది తయారుచేసింది నేనే, నాకు తట్టలేదు.

కానీ జాగ్రత్త. బాగా వాయించేవాళ్లని పక్కన పెట్టకండి. వాళ్ల పుణ్యమా అని మళ్లీ సున్నా వస్తుంది.

మీ మేనకోడలు


సెప్టెంబరు 20

అమ్మడూ,

బాగా వాయించేవాణ్ణి తేలేదు.

గురువారం పదింటికి కుర్చీ బెంచీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నా చేతిలో ఉన్న కాగితం, పెన్సిలు అతని చేతిలో పెట్టాను.

"కూర్చుని గీతలు పెట్టు. గురువుగారు చెప్పినట్టే పెట్టు, పాత అర్థంతో."

"నువ్వెక్కడికి?"

"లోపలికి. పక్కవాద్యం."

అతని మొహం నువ్వు చూడాల్సింది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెనకాల ఒకటే మాట అనేవాడు: "ఆ బెంచీ మనిషిని ఒక్కసారి లోపలికెళ్లి వాయించమనండి చూద్దాం." ఇన్నాళ్లకి అతని కోరిక తీరింది.

నీకో సంగతి చెప్పాలి. నా ఎడమ చేతి ఉంగరపు వేలు పదకొండేళ్ల కిందటే వంగడం మానేసింది. లేని గీత పెట్టమన్నందుకే కాలేజీ వదిలేశానని అందరికీ చెప్పాను, మొన్న నీకూ రాశాను. పోట్లాట నిజమే. కానీ వేలు బాగుంటే ఇంకో పదేళ్లు పోట్లాడుతూ అక్కడే ఉండేవాణ్ణి. అప్పటినుంచి వయొలిన్ పెట్టె తెరవలేదు.

తలుపేసుకున్నాం. ఆ పిల్ల మొదలుపెట్టింది. నేను అందుకున్నాను. రెండో నిమిషంలో వేలు బిగిసింది, కమాను గీరుకుపోయింది, ఆగాను. వేషం వెయ్యాల్సిన పనే లేకపోయింది. నిజం చెప్పనా, ఒకటి రెండు చోట్ల ఆగకుండా దాటేద్దామని గట్టిగా ప్రయత్నించాను. ఎందుకొచ్చామో మరిచిపోయాను. మనిషికి పరువుంటుంది కదా.

నేను ఆగితే ఆ పిల్లా ఆగింది. "ఇక్కణ్ణుంచేనా సార్?" అంది.

"ఇక్కణ్ణుంచే."

ఐదోసారికి అడగడం మానేసింది. నా వైపు చూసి, నా వేలు తీగ మీద కుదురుకునేదాకా ఉండి, ఎక్కడ వదిలేశానో సరిగ్గా అక్కణ్ణుంచే ఎత్తుకునేది. ఒక్కసారి కూడా మొదటికి వెళ్లలేదు. ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. నేను ముప్పై ఏళ్లలో ఆగిన పిల్లలెవరి కోసమూ అలా ఉండలేదు. బయట కూర్చుని గీతలు పెట్టాను.

ఇవతల నా పరువు పోతుంటే అవతల బెంచీ కిర్రుకిర్రుమంటోంది. ఒక్కో గీత పెట్టినప్పుడల్లా కుర్చీ సంతోషం పట్టలేక కదులుతున్నాడు. తన జీవితంలో మొట్టమొదటిసారి నిజాయితీగా మార్కులు వేశాడు.

అరగంట అయ్యాక తలుపు తోసుకుని వచ్చాడు. గీతలు ఎంత ముచ్చటగా పెట్టాడో! ఐదేసి చొప్పున కట్టలు కట్టాడు. "ఇరవై ఏడు! ఎన్నాళ్లకి విన్నానోయ్ నిన్ను!" అన్నాడు. వరండాలో పిల్లలు కూడా గుమిగూడి ఉన్నారు. వాళ్లలో క్లారినెట్ వాడొక్కడే నవ్వలేదు.

"సంతకం పెట్టు" అన్నాను.

అప్పుడు చూశాడు ఫారం నెత్తిన ఏముందో. విద్యార్థి సాధించిన ప్రగతి. ఆ అమ్మాయిది. ఇరవై ఏడు. ఇవి తప్పులని నోరు విప్పితే గోడ మీది పలక ఊడుతుంది. విప్పకపోతే ఆ పిల్ల చదువు నిలబడుతుంది. అతను పెన్ను మూత తీయడానికి ఆగినంత సేపు ఆ అరగంటలో నేను ఏ ఒక్కచోటా ఆగలేదు. పెట్టాడు.

నేను కూడా పెట్టబోతూ ఆగాను. "ఇరవై ఏడు కాదు, ఇరవై ఎనిమిది. నాకు లెక్కుంది. ఒకటి వదిలేశావు" అన్నాను.

"వదల్లేదు. ఇరవై ఏడే."

"ఆగినవాణ్ణి నేను. నాకు తెలియదా?"

"విన్నవాణ్ణి నేను. నిన్ను పట్టుకునే అవకాశం వస్తే ఒక్కటి వదులుతానా?"

ఆ మాట నిజమే. అతను ఒక్కటీ వదలడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల తలొంచుకుని ఫ్లూట్‌ని గుడ్డతో తుడుచుకుంటోంది. చివరికొచ్చేసరికి నా వేలు పూర్తిగా కొయ్యబారిపోయిన చోటు గుర్తొచ్చింది. అక్కడ నేను వాయించాల్సిన నాలుగు స్వరాలూ తనే నా వయొలిన్ మందగొంతులో ఊదేసింది. ఐదో స్వరానికి నేను అందుకున్నాను. బయట కూర్చున్న శత్రువుకి కూడా నేను ఆగినట్టు తెలియలేదు.

నా సర్వీసులో ఒక్క గీత ఎక్కువా తక్కువా రాయలేదని నీకు తెలుసు. ఇరవై ఏడు అని ఉన్న కాగితం మీదే సంతకం పెట్టాను. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అందగానే మీ మేడం చేతికివ్వు.

మావయ్య